అడ్డబండలు రెండొందల ముప్పై ఏడు

మా ఊళ్లో ఇంటిపన్ను సరిగా కట్టనివాళ్ల పేర్లు మైకులో చదివిన రోజు, నా పేరే మొదట వచ్చింది. ఆ సమయానికి నేను పంచాయతీ ఆఫీసు ఎదురుగా టీ దుకాణంలో కూర్చుని, ఈ దేశంలో న్యాయం ఎక్కడుందో చూపించమని పదిమందిని అడుగుతున్నాను.

"బేల్దారి మాలకొండయ్య. ఇంటి ముందర వరండా నూట ఎనభై అడుగులు. లెక్కలో చూపలేదు" అంది మైకు.

టీ దుకాణంలో అందరూ నావైపు తిరిగారు. నా పక్కనే కూర్చున్న పిచ్చయ్య గ్లాసు కిందపెట్టి, "న్యాయం మీ వరండాలో ఉండాది బావా" అన్నాడు.

పిచ్చయ్య కూడా బేల్దారే, నాతోపాటు ముప్పై ఏళ్లు బండలు పరిచినవాడు. వాడికి పళ్లు నాలుగే మిగిలాయి గానీ మాటలకేం తక్కువ లేదు.

మాది నల్లబండపల్లె. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో ఎడమవైపు మలుపు తిరిగితే వస్తుంది. దేశంలో పిల్లలంతా మా దగ్గరి రాతితో చేసిన పలకల మీద అక్షరాలు దిద్దిన కాలం ఒకటుండేది. ఆ పలకల మధ్య పుట్టి నేను ఆరో తరగతితోనే పలక కింద పెట్టేశాను. మా నాయన పెట్టించాడు అనాలి. అప్పటినుంచి రాయి నా చేతిలోనే ఉంది, రాసేది మాత్రం వేరేవాళ్లు. యాభై మూడేళ్లు వచ్చాయి. ఎవరేం రాసినా నాకు నష్టంగానే రాశారని నా అనుభవం.

అందుకని కోపంగా లేచి రోడ్డు దాటి పంచాయతీ ఆఫీసులోకి పోయాను.

లోపల సర్పంచి కోటిరత్నం మైకు ఆపి నీళ్లు తాగుతోంది. మా చిన్నాన్న మనవడి పెళ్లాం. మార్కాపురంలో డిగ్రీ చదివింది. ఆమె గెలిచి ఏడాది కాలేదు. ఆమె ఎదురుగా పంచాయతీ సెక్రటరీ ఉమామహేశ్వర్లు ఉన్నాడు. అతనికి టేపు పట్టి గోడలు కొలవడం తప్ప వేరే సరదా లేదు.

"ఏమ్మా, ఊరంతటికీ నా వరండానే దొరికిందా?" అన్నాను.

"కూచో మామా. నీదొకటే కాదులే, నూట పద్నాలుగు వరండాలు ఉండాయి. మా అత్తోళ్లది కూడా సాయంత్రం చదువుతా" అంది.

"రెండు బండలేసుకుంటే దానికీ పన్నా?"

"మామా, నీళ్ల సంగతి నీకు తెలీదా? మనం నాలుగున్నర లక్షలు జమ చేస్తేనే గవర్నమెంటు మిగతా సగం ఇస్తుంది. మార్చి ఆఖరు దాటితే మళ్లీ వచ్చే ఏడు మాటే. ఆ పైపు రావాలని రంగమ్మత్త ఎన్నిసార్లు అడిగిందో నీకు చెప్పిందా?"

రంగమ్మ నా భార్య. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి చిన్నప్పుడే పళ్లు పచ్చబడ్డవాళ్లం మేం. ఆమెకు మోకాళ్లు కూడా వంగడం మానేశాయి. ఎండాకాలం వస్తే పేట చివర వరకు నడిచి, ట్యాంకరు దగ్గర నిలబడి, రెండు బిందెలు తెస్తుంది. కూర్చోలేదు కాబట్టి నిలబడే ఉంటుంది. ఊరికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో, కొండ కింద, మంచి నీటి బోరు ఒకటి పడింది. అక్కడినుంచి పైపు వేయించడమే మిగిలింది.

"వరండాలన్నీ కలిపితే ఎంతొస్తుంది?" అన్నాను.

"పది ఇరవై వేలు వస్తే ఎక్కువ" అన్నాడు ఉమామహేశ్వర్లు. "అది చాలదని మాకూ తెలుసు."

"మరి ఎందుకు చదివినావు నా పేరు?"

కోటిరత్నం జాబితా నా ముందు పెట్టింది. నేను కూడబలుక్కుని చదవగలను. ఆఖరి వరసలో వేలు పెట్టి చూపించింది. హార్లెన్ స్టోన్ కంపెనీ. కట్టడం తొమ్మిది వేల అడుగులు.

హార్లెన్ అంటే మా ఊరి చివర ఉన్న విదేశీ కంపెనీ. మా రాతిని కోసి, నునుపు చేసి, పెట్టెల్లో పెట్టి ఓడెక్కిస్తారు.

"తొమ్మిది వేలా?" అన్నాను. "ముందర హాలే ఆరు వేలు. వెనక హాలు దానికి నాలుగింతలు ఉండాది. ఆ గచ్చు పరిచింది నేనూ పిచ్చయ్యా."

"వెనక హాల్లో గచ్చు మూడు వేల అడుగులే అని రాసిచ్చినారు. మిగతాదంతా రేకుల కింద వట్టి మట్టినేల, లారీలు తిరిగే జాగా అంట" అన్నాడు ఉమామహేశ్వర్లు. "కొలుద్దామని పోతే తలుపు తీయలేదు. ఎగుమతి సరుకు సీలేసి ఉందంట. హెడ్డాఫీసు నుంచి లెటరు రావాలంట. హెడ్డాఫీసు ఏ దేశంలో ఉందో మేనేజరుకే సరిగ్గా తెలీదు. పైనుంచి తీసిన ఫోటోలో రేకులు కనపడతాయి గానీ రేకుల కింద ఏముందో కనపడదు కదా."

"అందుకనే మామా, ముందర మన ఇళ్లు సరిచేసుకోవాల" అంది కోటిరత్నం. "మన వరండాలు దాచుకుని ఆ గేటు ముందర నిలబడితే, మేనేజరు మొదట అడిగేది అదే."

నాకు ఇష్టం లేకపోయినా ఆ మాట బాగానే ఉంది. రెండొందల పది రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను. నా జీవితంలో ఇంత చేదుగా ఏదీ మింగలేదు. నా తర్వాత పిచ్చయ్య కట్టాడు. సిగ్గుపడి సాయంత్రానికి అరవైమంది కట్టారు. కోటిరత్నం అత్తగారు కోడలిని తిడుతూ కట్టింది.

*

మర్నాడు కోటిరత్నం, ఉమామహేశ్వర్లు, నేను కంపెనీకి పోయాం. గేటు దగ్గర ఫోన్లు తీసుకున్నారు. ఉమామహేశ్వర్లు సంచిలోంచి టేపు కూడా తీసుకుంటుంటే, పసిపిల్లను వదిలిపెట్టినట్టు చూశాడు.

మేనేజరు సంజీవరావు మంచి చొక్కా వేసుకున్న మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. చల్లని గదిలో కూర్చోబెట్టి జ్యూసు ఇప్పించాడు.

"మేడమ్, మా కంపెనీ ఈ దేశంలో నాలుగేళ్లుగా నష్టాల్లో ఉంది. అయినా మీ పన్ను ఒక్క రోజు ఆలస్యం చేయలేదు" అన్నాడు.

"నష్టం ఎట్ల వస్తుంది సార్? రోజుకు మూడు లారీలు పోతాయి" అన్నాను.

ఆయన నవ్వాడు. నష్టం ఎట్ల వస్తుందో తిరిగొచ్చే దారిలో కోటిరత్నం నాకు చెప్పింది. వాళ్ల లెక్కలు గవర్నమెంటు వాళ్ల దగ్గర ఎవరైనా చూడొచ్చంట, ఆమె చూసింది. మా బండను ముప్పై రూపాయలకు అమ్ముతారు. కొనేది ఇంకో కంపెనీ. అదీ వీళ్లదే. ఎక్కడో ఒక దీవిలో ఉంది. అది మూడొందలకు అసలు కొనేవాళ్లకు అమ్ముతుంది. ఇక్కడ నష్టం, అక్కడ లాభం. ఆ దీవిలో లాభానికి పన్ను లేదు.

"ఆ దీవిలో ఎంతమంది పనిచేస్తారు?" అన్నాను.

"ఒక తలుపు ఉంటుంది మామా. దాని మీద పేరు బోర్డు."

"బండ అక్కడికి పోతుందా?"

"పోదు. కాగితం పోతుంది."

నేను నా ఎడమ చేత్తో కుడి చేతికి బండ అమ్మి, నష్టమొచ్చిందని ఏడిస్తే నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు. వాళ్లను ఏడాదికోసారి పూలదండ వేసి సన్మానిస్తారు. చదువు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఇదే అనుకున్నాను.

కానీ అది తర్వాత. ఆ గదిలో మాత్రం నేను, "సార్, వెనక హాల్లో ఇరవై మూడు వేల ఏడొందల బండలు ఉండాయి. అడుగుకు ఒక బండ. నేను పరిచినా" అన్నాను.

"ఏదైనా కాగితం ఉందా పెద్దాయనా? బిల్లు, కొలతల పుస్తకం?"

"నాకు కాగితాలు ఉండవు సార్."

"తొమ్మిదేళ్ల కిందటి సంగతి నోటిమాటగా చెప్తే ఎలా? రేపు మీ మాట నమ్మి మేడమ్ నోటీసు ఇస్తే, మేం కోర్టుకు పోతే, ఇబ్బంది పడేది ఆవిడ." జ్యూసు గ్లాసు నావైపు జరిపాడు. "చదువుకుని ఉంటే మీకే అర్థమయ్యేది."

నేను జ్యూసు తాగలేదు. తర్వాత చాలాసేపు దప్పికయ్యింది.

బయటికొచ్చాక కోటిరత్నం నన్ను చింతచెట్టు కింద ఆపింది. "మామా, ఇరవై మూడు వేల ఏడొందలు అని అంత గట్టిగా ఎట్ల చెప్పినావు? నేను నోటీసు ఇస్తా. ఆ లెక్క తప్పితే ఈ ఏడు పైపు పోయినట్టే. నా మాట ఇంకెవరూ వినరు."

అప్పుడు ఆమెకు అడ్డబండ సంగతి చెప్పాను.

మా రాతిలో సన్నటి చారలుంటాయి. బండలు పరిచేటప్పుడు ఆ చారలన్నీ ఒకే దిక్కుకు, నిలువుగా ఉండేలా పెడతాం. మాకు కూలి వంద బండలకు ఇంతని ఇచ్చేవాళ్లు. మేం లెక్క రాసుకోలేం, రాసినవాణ్ణి నమ్మలేం. అందుకని నూరో బండను చారలు అడ్డంగా వచ్చేట్టు తిప్పి పరిచేవాళ్లం. సాయంత్రం అడ్డబండలు లెక్కపెట్టి కూలి తీసుకునేవాళ్లం. మామూలు మనిషి కంటికి అది కనపడదు. ఆ హాల్లో అడ్డబండలు రెండొందల ముప్పై ఏడు. ఆఖరి బండ పరిచిన రోజు కాంట్రాక్టరు ముప్పై ఆరుకే కూలి ఇస్తానంటే, నేనూ పిచ్చయ్యా మూడుసార్లు నడిచి లెక్కపెట్టి చూపించాం. ఆ అంకె నేను చచ్చినా మరచిపోను.

"లాభాన్ని ఓడెక్కించొచ్చమ్మా. గచ్చును ఎక్కించలేరు. అది అక్కడే ఉండాది" అన్నాను.

"తలుపు తీస్తే కదా మామా" అంది.

*

తలుపు వాళ్లే తీశారు.

మార్చి రెండో వారంలో కంపెనీ వాళ్లు ఇంటింటికీ కార్డులు పంచారు. కంపెనీకి పదేళ్లు. విదేశం నుంచి పెద్ద మేడమ్ వస్తోంది. ఊరంతా భోజనానికి రావాలి. ఆమె ఊరివాళ్లతో కలిసి కింద కూర్చుని తింటుందంట, ఫోటోలు తీస్తారంట, అవి ఏడాదికోసారి వేసే వాళ్ల పుస్తకంలో పెడతారంట. ఎండ ముదిరింది కాబట్టి భోజనాల బంతులు వెనక హాల్లోనే. యంత్రాలు జరిపి, సరుకు తీసి, గచ్చు కడుగుతున్నారని అక్కడ పనిచేసే అంకాలమ్మ చెప్పింది.

"కడుగుతున్నారా?" అన్నాను.

"తళతళలాడాలంట. మధ్యాన్నం దాకా నీళ్లు చల్లుతానే ఉండాలంట."

తడిసిన పలకరాతి మీద చారలు ఎంత తేటగా కనపడతాయో మాకు తెలుసు. పిచ్చయ్య ఆ మాట విని నాలుగు పళ్లూ బయటపెట్టి నవ్వాడు.

ఆ రోజునుంచి వారం రోజులు ఊళ్లో అదే పని. నా వరండాలో రోజూ పొద్దున పదిమంది చొప్పున వచ్చి, కడిగిన బండల మీద చారలు చూసి నేర్చుకున్నారు. పన్ను కట్టిన వరండా, ఎవరికీ దాచాల్సిన పని లేదు. మా ఊళ్లో బడికి పోనివాళ్లు ఎంతమందో ఆ వారం తెలిసింది. బండ చదవడం మాత్రం అందరికీ ఒక్క పూటలో వచ్చింది.

టేపూ ఫోనూ గేటు దగ్గర తీసుకుంటారు. కాగితం మీద రాస్తే చూస్తారు. అందుకని కోటిరత్నం ఒక ఉపాయం చెప్పింది. భోజనంలో మనిషికో లడ్డు వడ్డిస్తారు. కూర్చున్నచోట, దగ్గరలో అడ్డబండ ఉంటే, లడ్డు తినకుండా ఆ బండ మీద పెట్టాలి. సర్పంచి కాబట్టి ఆమె పలకరిస్తున్నట్టు వరసల మధ్య నడుస్తుంది. ఎడమ సగం ఆమె, కుడి సగం ఉమామహేశ్వర్లు లెక్కపెడతారు.

"ఒక బండకు ఒక లడ్డే. ఇద్దరు పెట్టొద్దు" అని మైకులో చెప్పే వీలు లేక ఇంటింటికీ తిరిగి చెప్పింది.

"నేను నేతి లడ్డు తిని నాలుగేళ్లయింది" అన్నాడు పిచ్చయ్య.

"నీళ్ల కోసం మామా."

"అయితే సరేలే తల్లీ."

*

ఆ రోజు హాలు చూసి నా కడుపు నిండిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత నా గచ్చు. ఒక్క బండ కదలలేదు, ఒక్క అంచు లేవలేదు. నీళ్లు చల్లి ఉంది. చారలు వానలో కొండ మీద దారుల్లా కనపడుతున్నాయి. మట్టినేల ఒక్క జానెడు లేదు. చివరి గోడ వరకు నేనూ పిచ్చయ్యా మోకాళ్ల మీద పాకిన చోటే.

మా ఊరు తొమ్మిది వందలమంది దాకా వచ్చారు. పుల్లలచెరువులో ఉన్న చుట్టాలను కూడా పిలుచుకొచ్చినవాళ్లున్నారు. వాళ్లకు కూడా అడ్డబండ నేర్పించే తెచ్చారు. అందరూ హాలు నిండా దూరం దూరంగా కూర్చున్నారు. వడ్డించేవాళ్లు "దగ్గరగా జరగండి" అని మొత్తుకున్నా ఎవరూ జరగలేదు. "ఎండలు సార్, ఉక్కపోస్తది" అన్నారు.

పెద్ద మేడమ్ పొడుగ్గా, ఎర్రగా, కాటన్ చీర కట్టుకుని వచ్చింది. చీర ఎవరో సరిగ్గానే కట్టారు. అందరికీ దండం పెట్టింది. మైకు తీసుకుని మాట్లాడింది. సంజీవరావు తెలుగులో చెప్పాడు.

"మేడమ్‌కు ఈ ఊరంటే చాలా ఇష్టం. ఈ హాలంటే చాలా గర్వం. ఇది చాలా పెద్ద హాలు."

కోటిరత్నం చేయెత్తింది. "ఎంత పెద్దదన్నారు సార్? ఏదో అంకె చెప్పినట్టు వినపడింది."

"చాలా పెద్దది అన్నారు."

కోటిరత్నం నేరుగా ఆమెనే ఇంగ్లీషులో అడిగింది. మేడమ్ సంతోషంగా మళ్లీ చెప్పింది. తన చేతిలో ఉన్న రంగుల పుస్తకం తెరిచి, చూపించి మరీ చెప్పింది. కోటిరత్నం మావైపు తిరిగి మైకులో, "ఇరవై మూడు వేల ఏడొందల అడుగులంట" అంది.

ఆడవాళ్ల వరసలో రంగమ్మ చప్పట్లు కొట్టింది. కాళ్లు మడవలేదని ఆమెకు ఒక్కదానికే కుర్చీ వేశారు. ఆమె కొట్టేసరికి అందరూ కొట్టారు. మేడమ్ కూడా కొట్టింది.

సంజీవరావు కోటిరత్నం దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో, "అది ప్రచారం కోసం మేడమ్. కొనేవాళ్లకు కొంచెం పెంచి చెప్తాం. పన్నుకు అదెలా పనికొస్తుంది?" అన్నాడు. పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు వినపడింది.

కొనేవాళ్లకు ఒక కొలత, పన్నుకు ఒక కొలత. నా వరండా గుర్తొచ్చింది. నేనూ చుట్టాలకు పెద్ద వరండా అని చెప్పుకుని, పంచాయతీకి అసలు లేదన్నవాణ్ణే. నాకూ వాళ్లకూ తేడా దీవి ఒక్కటే.

"సరే సార్, భోంచేద్దాం" అంది కోటిరత్నం.

అన్నం వచ్చింది. పప్పు వచ్చింది. గోంగూర వచ్చింది. లడ్డు వచ్చింది. నేను జీవితంలో చాలా బంతుల్లో కూర్చున్నాను గానీ ఇంత బుద్ధిగా తిన్న బంతి చూడలేదు. ప్రతివాడూ తలవంచుకుని నేలకేసి చూస్తున్నాడు. ఒక్కొక్కరే లడ్డు తీసి పక్కన పెడుతున్నారు. "నాది కాదు, నీది", "ఆ చారలు అడ్డం కాదు అక్కా, నీ కళ్లు అడ్డం" అని గుసగుసలు. వడ్డించేవాడు నా ఎదురుగా ఆగి, "ఏంది పెద్దాయనా, మీ ఊళ్లో లడ్డు తినరా?" అన్నాడు.

"షుగరు నాయనా. ఊరంతా షుగరే" అన్నాను.

కోటిరత్నం ఎడమవైపు వరసల్లో నడుస్తోంది. "బాగుందా పెద్దమ్మా? ఇంకొంచెం వేయించుకో చెంచయ్యా." పెదాలు ఒక పక్క కదులుతూనే ఉన్నాయి. కుడివైపు ఉమామహేశ్వర్లు టేపు లేని చేతులు వెనక కట్టుకుని నడుస్తున్నాడు. మేడమ్ ఫోటోలు తీసేవాళ్లను పిలిచి లడ్డులు చూపిస్తోంది. వాళ్లు వంగి వంగి తీస్తున్నారు.

ఇద్దరూ చివర కలుసుకున్నారు. మాట్లాడుకున్నారు. కోటిరత్నం మొహం చూసి ముద్ద విస్తరిలో పెట్టేశాను. ఆమె నా దగ్గరికి వచ్చి వంగింది.

"రెండొందల ముప్పై ఆరు మామా."

"కాదు. ముప్పై ఏడు."

"ఇద్దరం రెండుసార్లు చూసినాం."

వెనకే నిలబడి మా మాటలు విన్న సంజీవరావుకు సంగతి అర్థమైంది. తెలివైన మనిషి. లడ్డులు చూశాడు, నన్ను చూశాడు, మామూలుగానే నవ్వాడు. "ఇదా మీ లెక్క? ఒకటి తక్కువొచ్చింది కదా. మీ లెక్కే మీకు కుదరలేదు. ఇంకా ఎన్ని తప్పులున్నాయో ఎవరికి తెలుసు?"

తొమ్మిదేళ్ల కిందట కాంట్రాక్టరు చెప్పిన అంకె కూడా అదే. రెండొందల ముప్పై ఆరు. లోకం నాకు ఎప్పుడూ ఒకటి బాకీయే ఉంటుంది. రంగమ్మ కుర్చీలోంచి నావైపు చూస్తోంది. ఆమెకు ఏం జరిగిందో తెలియదు గానీ నా మొహం తెలుసు.

అప్పుడు నాలుగు వరసల అవతల నుంచి, "బావా" అని వినపడింది.

పిచ్చయ్య. తలెత్తడం లేదు. మూతికి పసుపు పచ్చని పొడి అంటుకుని ఉంది.

"ఏంది?" అన్నాను.

"నా కాడ ఒక అడ్డబండ ఉండె."

"ఉంటే?"

"నోట్లో పెట్టుకుంటే కరిగిపోయినాది బావా. నేను తినలేదు. అదే పోయినాది."

మొదట నవ్వింది కోటిరత్నం. తర్వాత ఉమామహేశ్వర్లు నవ్వాడు. అతను నవ్వడం ఊళ్లో అందరూ అదే మొదటిసారి చూశారు. వెనక్కి వెనక్కి నవ్వు వరసల వెంట పాకి ఆఖరి గోడకు తగిలి తిరిగొచ్చింది. పిచ్చయ్య విస్తరి జరిపాడు. కింద, తడి మీద, చారలు అడ్డంగా ఉన్నాయి. ఆ బండ నాకు గుర్తే. ఒక మూల చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. నేనే తిప్పి పెట్టాను.

వరసలో ఎవరో తమ లడ్డు తెచ్చి ఆ బండ మీద పెట్టారు. "ఇది తింటే చంపుతా" అని పిచ్చయ్యకు చెప్పి పోయారు.

"రెండొందల ముప్పై ఏడు" అన్నాడు ఉమామహేశ్వర్లు. "సంజీవరావు గారూ, నేను కళ్లతో చూసినాను. మీ పుస్తకంలో అదే అంకె. గేటు దగ్గర నా టేపు ఉంది, తెప్పించండి. ఒక అడ్డబండ నుంచి ఇంకో అడ్డబండ దాకా నూరు బండలు కొలుస్తా. తేడా వస్తే మీ మాటే రాసుకుంటా."

మేడమ్ ఏంటని అడిగింది. సంజీవరావు ఏదో చెప్పబోయాడు గానీ కోటిరత్నం అప్పటికే చెప్పేసింది, దాపరికం లేకుండా, నీళ్ల పైపుతో సహా. కెమెరాలన్నీ వాళ్లవైపే ఉన్నాయి. మేడమ్ పుస్తకంలో అంకె చూసింది, లడ్డులు చూసింది. ఏ దేశంలోనైనా చట్టం చెప్పిన పన్ను కడతామని తమ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, ఇక్కడా అంతే, అంది. ఆమె మంచిదో, కెమెరా మంచిదో నాకు తెలియదు. టేపు మాత్రం వచ్చింది, లెక్క కూడా సరిపోయింది.

కోటిరత్నం ఆ దీవి సంగతి కూడా అడిగింది. దానికి మేడమ్ ఇంకా బాగా నవ్వి, అది వేరే డిపార్టుమెంటు చూస్తుందని చెప్పింది. దాని తలుపు ఎవరు తీస్తారో చూడాలి. అక్కడ గచ్చు పరిచిన మేస్త్రి కూడా ఎవడో ఉండే ఉంటాడు.

*

మూడేళ్ల పన్ను తేడా కలిపి కంపెనీ మార్చి ఇరవై ఎనిమిదిన కట్టింది. నాలుగున్నర లక్షలకు తగ్గిన పదిహేడు వేలూ మా వరండాలు ఇచ్చాయి. కోటిరత్నం రెండు రసీదులూ మైకులో చదివింది. కంపెనీ పేరు తర్వాత నా పేరు చదివింది, రెండొందల పది రూపాయలు అని. ఈసారి నేను టీ దుకాణంలో లేచి నిలబడ్డాను.

శ్రావణంలో పైపు వచ్చింది. మా వీధి కుళాయికి దిమ్మె నేనే కట్టాను, కూలి తీసుకోకుండా. రంగమ్మ వంగకుండా బిందె పెట్టుకునేంత ఎత్తు కట్టాను. పైన ఇరవై నాలుగు బండలు పట్టాయి. ఒక బండ అడ్డంగా పెట్టాను.

"నూరు కాలేదు కదా?" అంది రంగమ్మ. ఆమెకు కూడా చదవడం వచ్చేసింది.

"కానీలే. చూసేవాళ్లుంటారు" అన్నాను.

ఆ ఏడాది కంపెనీ పుస్తకం కోటిరత్నం తెచ్చి చూపించింది. పేజీ నిండా మా హాలు, తడి బండ, దాని మీద లడ్డు. కింద ఇంగ్లీషులో ఏదో రాశారు. ఈ ప్రాంతం ప్రజలు భోజనానికి ముందు నేలతల్లికి తీపి సమర్పించుకుంటారు, అది వారి పురాతన ఆచారం, అని ఆమె చదివి చెప్పింది. ఆ పక్క పేజీలో కొలత మారలేదు. ఇరవై మూడు వేల ఏడొందలు.

కుళాయి తిప్పిన రోజు పిచ్చయ్య మార్కాపురం నుంచి లడ్డుల పొట్లం తెచ్చాడు. ఒకటి తీసి దిమ్మె మీద అడ్డబండ మీద పెట్టాడు. "ఆచారం" అన్నాడు.

రంగమ్మ మొదటి గ్లాసు పట్టి తాగింది. సగం తాగి ఆగి, గ్లాసు వెలుతురుకు పెట్టి చూసి, మిగతాది తాగింది. ఇంకో గ్లాసు పట్టి నాకిచ్చింది.

నేను తాగి పక్కకు చూసేసరికి బండ మీద లడ్డు లేదు.

"కరిగిపోయినాది బావా" అన్నాడు పిచ్చయ్య.